బోర్డు మీద ధర ఒకటి.. జేబులోంచి పోయేది మరొకటి!

కొత్త కారు కొనేవారికి తెలియాల్సిన లెక్కలు
దండు బజారులో ఒకే కారుకు రెండు ధరలు

సికింద్రాబాద్: సిద్దిపేట, గజ్వేల్, కరీంనగర్ వైపు నుంచి కారు కొనడానికి వచ్చేవారు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి బోయినపల్లి వైపు వెళ్లినా, ప్యారడైజ్ మీదుగా బేగంపేట వైపు వెళ్లినా అద్దాల షోరూములే స్వాగతం పలుకుతాయి. లోపల చల్లగాలి, తాగడానికి చల్లని నీళ్లు, కూర్చోడానికి సోఫాలు. ఆరు లక్షల లోపు కారని ప్రకటనలో చూసి వచ్చినవారి చేతిలో చివరకు ఏడు లక్షల చీటీ పెడతారు. ‘‘ఇదేమిటి బాబూ, అంత చెప్పలేదే’’ అంటే ‘‘అది ఎక్స్ షోరూం ధర సార్, ఇది ఆన్ రోడ్ ధర’’ అని జవాబు. భూమి అమ్మిన పైకమో, పదవీ విరమణ సొమ్మో, చీటీ పాడిన డబ్బో పట్టుకుని వచ్చినవారు అప్పటికే ఇంట్లో పిల్లలకు మాట ఇచ్చి ఉంటారు. వెనక్కి వెళ్లలేక మిగతా లక్షకు అప్పు రాయించుకుంటారు.

ఈ లక్ష ఎక్కడి నుంచి వచ్చింది? ఇందులో ప్రభుత్వానికి పోయేదెంత, బీమా కంపెనీకి పోయేదెంత, డీలరు దగ్గర ఆగేదెంత? ఏ పద్దు తప్పనిసరి, ఏది బేరమాడదగ్గది? ఈ సంగతి తెలుసుకున్నవారు అదే కారును వేలల్లో తక్కువకు ఇంటికి తెచ్చుకుంటున్నారు. తెలియనివారు చీటీలో రాసిందల్లా కడుతున్నారు.

లక్ష రూపాయల కారు లక్షకు రాలేదు

ధర ఒకటి చెప్పి వేరొకటి కట్టించుకోవడం ఇవాళ్టి సంగతి కాదు. ఒకప్పుడు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తప్ప మధ్యతరగతికి మరో కారు లేదు. పైకం కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడాల్సి వచ్చేది. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారు తమ వంతు రాగానే ఆ కాగితాన్నే ‘ప్రీమియం’ కట్టించుకుని అమ్ముకునేవారు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళం చెవి కొనుగోలుదారుకు అందింది. అప్పట్లో దాని ధర సుమారు 50 వేల రూపాయలు. దానికీ వంతులు, ప్రీమియంలు తప్పలేదు.

2008 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో టాటా సంస్థ నానో కారును చూపి, ధర లక్ష రూపాయలని ప్రకటించింది. దేశమంతా చెప్పుకున్నారు. అయితే ఆ లక్షకు వ్యాట్, రవాణా ఖర్చు కలపలేదు. 2009లో కారు రోడ్డెక్కేటప్పటికి కొనేవాడు కట్టింది లక్ష దాటింది. 2018లో దాని తయారీయే ఆగిపోయింది. దేశంలో అత్యంత చవక కారుకే ఈ తేడా తప్పలేదంటే, తక్కిన వాటి సంగతి చెప్పనక్కరలేదు.

ఒకే వీధి.. రెండు ధరలు

సికింద్రాబాద్ దండుగా పుట్టిన ఊరు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడింది. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ ప్రాంతాల్లో ఇప్పటికీ ఏ వీధికి వెళ్లినా సైన్యంలో పనిచేస్తున్నవారో, చేసి వచ్చినవారో కనిపిస్తారు. అందువల్ల ఒకే వీధిలో, ఒకే రంగు, ఒకే మోడల్ కారు రెండు ఇళ్ల ముందు రెండు ధరలకు నిలబడి ఉండటం ఇక్కడ మామూలే.

సైనికులకు తక్కువకు రావడానికి కారణం మిలిటరీ క్యాంటీన్. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో ఏర్పడిన క్యాంటీన్ స్టోర్స్ విభాగం సబ్బులు, సరుకులతో పాటు కార్లు, మోటారు సైకిళ్లు కూడా ఇప్పిస్తుంది. ఈ విభాగం కట్టిన జీఎస్టీలో సగం తిరిగి దానికి వాపసు వస్తుంది. ఆ మేలు సైనికుడికి అందుతుంది.

లెక్క వేసి చూస్తే సులభంగా అర్థమవుతుంది. పన్ను కలపకముందు 5 లక్షల రూపాయలు ఉన్న చిన్న పెట్రోలు కారు ఒకటి ఉందనుకుందాం. 18 శాతం జీఎస్టీతో మామూలు పౌరుడికి అది 5,90,000 అవుతుంది. సగం పన్నుతో సైనికుడికి 5,45,000కు వస్తుంది. అంటే 45 వేల రూపాయల తేడా. కంపెనీలు క్యాంటీన్‌కు ఇచ్చే తగ్గింపు ఏమైనా ఉంటే అది దీనికి అదనం.

దీనికి పద్ధతి ఉంది. సైనికుడు ముందుగా డీలరు దగ్గర కారు చూసుకుని ధర పత్రం తీసుకోవాలి. ఆ వివరాలతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఈ ఆన్‌లైన్ ఏర్పాటును 2021 జనవరి 8న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు. అంతకుముందు కాగితాలు పట్టుకుని డిపో చుట్టూ తిరగాల్సి వచ్చేది. పైకం క్యాంటీన్ విభాగానికే కట్టాలి, కారు మాత్రం డీలరు అప్పగిస్తాడు. ఎవరు ఎంత ధర వరకు, ఎన్నేళ్లకు ఒకసారి కొనవచ్చన్న దానికీ పరిమితులున్నాయి. 2019 జూన్ నుంచి అమలైన నిబంధనల్లో అధికారులకు జీఎస్టీ కాకుండా 12 లక్షల వరకు, 8 ఏళ్లకు ఒక కారు అని పెట్టారు. ఇటువంటి పరిమితులు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందే క్యాంటీన్‌లో విచారించుకోవడం మంచిది.

మాజీ సైనికుల్లోనూ, అమరుల భార్యల్లోనూ ఈ హక్కు సంగతి తెలియక పూర్తి పన్ను కట్టి కొన్నవారున్నారు. పల్లెల్లో స్థిరపడినవారు సరుకుల కార్డు మీద కారు కూడా వస్తుందని అనుకోరు. షోరూంలో మొదటి మాటగా ‘‘క్యాంటీన్ ధర ఎంత’’ అని అడిగితే చాలు.

పక్కింటి కార్డు మీద కారు.. కొరివితో తల గోక్కోవడమే

ఇంత తేడా కనబడేసరికి కొందరు పౌరులకు ఒక ఆలోచన వస్తుంది. తెలిసిన సైనికుడి పేరిట కారు తీసి, పైకం తాము కట్టి, తామే నడుపుకుంటే సరిపోతుంది కదా అని. మధ్యవర్తులు కూడా ఇందుకు తయారవుతారు. ఇది చవక బేరంలా కనిపించే ముప్పు. క్యాంటీన్ రాయితీ సైనికుడి సొంత అవసరానికి ఇచ్చింది. దాన్ని పరాయివారికి అమ్ముకుంటే ఆ సైనికుడు శాఖాపరమైన చర్యకు గురవుతాడు. పింఛను మీద బతికే మనిషికి అది చిన్న సంగతి కాదు.

పైకం కట్టినవాడి పరిస్థితీ అంతే. కారు కాగితాల్లో అతని పేరు ఉండదు. ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట ఉందో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కారు నడిపింది ఒకరు, నష్టపరిహారం కేసులో బోనెక్కేది మరొకరు అవుతారు. పేరున్న మనిషి కన్నుమూస్తే కారు వారసులది అవుతుంది. నలభై అయిదు వేలు మిగులుతాయని ఆరు లక్షలు గాలిలో పెట్టడం తెలివైన పని కాదు.

సైనికుడు కానివారికీ దారులున్నాయి

మరి క్యాంటీన్ కార్డు లేనివారి గతేమిటి? వారికీ చీటీలో తగ్గించుకోదగిన పద్దులు చాలానే ఉన్నాయి. ముందుగా తప్పనిసరి పద్దులు చూద్దాం.

మొదటిది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇందులో పెద్ద మార్పు వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కార్లకు అంతకుముందు 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్సు, కలిపి 29 శాతం ఉండేది. అది 18 శాతానికి తగ్గింది. డీజిల్ అయితే 1500 సీసీ వరకు ఈ తగ్గింపు వర్తిస్తుంది. పైన చెప్పిన 5 లక్షల కారే పాత లెక్కన 6,45,000 అయ్యేది. ఇప్పుడు 5,90,000. పెద్ద కార్లకు 40 శాతం పన్ను పెట్టి సెస్సు తీసేశారు. కాబట్టి పొడవులో నాలుగు అంగుళాలు, ఇంజన్‌లో వంద సీసీ ఎక్కువున్న కారు మీద మోజు పడితే పన్ను రెండింతలకు పైగా పడుతుందని గుర్తుంచుకోవాలి.

రెండోది రాష్ట్ర ప్రభుత్వానికి కట్టే జీవితకాల పన్ను. సికింద్రాబాద్ వాసుల బండ్లు తిరుమలగిరి రవాణా కార్యాలయంలో నమోదవుతాయి. ఆంధ్రప్రదేశ్ ఉన్న రోజుల్లో ఏపీ 10, తర్వాత టీఎస్ 10, 2024 మార్చి నుంచి టీజీ 10. అక్షరాలు మారినా పన్ను మాత్రం పెరుగుతూనే వచ్చింది. 2022 మేలో చేసిన సవరణతో 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల లోపు దానికి 14 శాతం అయింది. 5,90,000 కారుకు ఇది 82,600 రూపాయలు. ‘ఎక్స్ షోరూం’కు, ‘ఆన్ రోడ్’కు మధ్య తేడాలో సింహభాగం ఇదే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పన్ను శ్లాబు దాటితే పెరిగిన శాతం మొత్తం ధర మీద పడుతుంది. 2022 రేట్లలో 10 లక్షలు దాటిన కారుకు 17 శాతం. 9,99,000 కారుకు పన్ను 1,39,860. అదే 10,01,000 కారుకు 1,70,170. ధరలో తేడా రెండు వేలు, పన్నులో తేడా 30 వేలు! 2025 ఆగస్టులో 10 లక్షలు దాటిన కార్ల పన్ను ఇంకా పెంచారు కనుక ఈ అంతరం మరింత పెరిగింది. ధర పది లక్షల అంచున ఉన్నప్పుడు రంగుకో, పైకప్పు అద్దానికో ఆశపడి గీత దాటితే అది ఖరీదైన అద్దమే అవుతుంది. పది లక్షలు దాటిన కారుకు డీలరు ఒక శాతం ఆదాయపు పన్ను కూడా వసూలు చేస్తాడు. 2016 జూన్ నుంచి ఈ నిబంధన ఉంది. ఇది పోయిన సొమ్ము కాదు. రిటర్నులో చూపి సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. చాలామంది ఆ రసీదు పారేసుకుని పదివేలు వదులుకుంటున్నారు.

ఒకరి పేరిట ఇప్పటికే సొంత వాహనం ఉంటే, అదే పేరిట రెండోది కొన్నప్పుడు మరో 2 శాతం పన్ను అదనంగా పడుతుంది. మోటారు సైకిలు కూడా ఈ లెక్కలోకి వస్తుందని కొందరికి చీటీ చూసేదాకా తెలియదు. ఇంట్లో ఎవరి పేరిట కొనాలన్నది షోరూంలో కాక ఇంట్లోనే ఆలోచించుకుని బయల్దేరాలి.

కరెంటు కారుకు పన్ను లేదు

జీవితకాల పన్ను పూర్తిగా తప్పించుకునే దారి ఒకటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుం రెండూ మాఫీ. గడువు 2026 డిసెంబరు 31 వరకు. కేంద్రం కూడా 2019 ఆగస్టు నుంచి వీటి మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. 9 లక్షల కరెంటు కారు కొంటే పెట్రోలు కారు మీద పడే 1,26,000 రూపాయల జీవితకాల పన్ను మిగులుతుంది.

అయితే తొందరపడకూడదు. కరెంటు కారు అసలు ధరే ఎక్కువ. రోజూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవారికి, ఇంటి దగ్గర చార్జింగుకు సొంత ప్లగ్గు ఉన్నవారికి అది గిట్టుబాటు. నెలకోసారి ఊరెళ్లడానికి మాత్రమే కారు తీసేవారు, అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉండి కింద కరెంటు లైను లేనివారు పన్ను మాఫీ చూసి కొంటే మురిపెం మూణ్నాళ్లే.

బీమా ఎక్కడైనా తీసుకోవచ్చు

మూడో పద్దు బీమా. ఇందులో రెండు భాగాలున్నాయి. మన కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేసేది థర్డ్ పార్టీ. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టడం తప్పనిసరి అయింది. దీని ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేటు ప్రకారం 1000 సీసీ లోపు కారుకు మూడేళ్లకు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ దానికి 10,640 రూపాయలు. దీని మీద జీఎస్టీ అదనం. ఇక్కడ బేరం లేదు.

బేరమంతా రెండో భాగంలో ఉంది. మన కారుకు జరిగే నష్టానికి చేసే బీమాకు ఒక్కో కంపెనీ ఒక్కో ధర చెబుతుంది. షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. ‘‘బీమా బయట తీసుకుంటే కారుకు తగ్గింపు ఇవ్వం’’ అనే మాట కొందరు డీలర్ల దగ్గర వినిపిస్తుంది. అటువంటప్పుడు బయటి కంపెనీ కొటేషను ముందు పెట్టి అడిగితే చాలాచోట్ల వారే ధర తగ్గిస్తారు. కొట్లాట అవసరం లేదు, కాగితం చాలు.

పాత కారు అమ్మి కొత్తది కొనేవారు మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. అయిదేళ్లు వరసగా క్లెయిము చేయకుండా ఉన్నవారికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గింపు వస్తుంది. ఈ తగ్గింపు కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మినప్పుడు బీమా కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకు దాన్ని వాడుకోవచ్చు. కొత్త కారు బీమా ఖరీదైనది కనుక ఇక్కడ వేలల్లో మిగులుతుంది.

చీటీ అడుగున చిల్లర పద్దులు

చీటీ పై భాగమంతా పన్నులు, బీమా. కింది భాగంలో చిన్న అక్షరాల్లో మరికొన్ని ఉంటాయి. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, యాక్సెసరీస్ ప్యాకేజి, టెఫ్లాన్ పూత, పొడిగించిన వారంటీ, రోడ్‌సైడ్ సహాయం. ఇవేవీ ప్రభుత్వ పన్నులు కావు. చట్టప్రకారం తప్పనిసరివీ కావు. హ్యాండ్లింగ్ అంటే ఏమిటో వివరించమని, ఏ ఉత్తర్వు ప్రకారం వసూలు చేస్తున్నారో రాసివ్వమని అడిగితే ఆ పద్దు తరచుగా మాయమవుతుంది. రిజిస్ట్రేషనుకు ఎంత కట్టారో రవాణా శాఖ రసీదు ఉంటుంది. చీటీలో రాసిన అంకె, రసీదులో ఉన్న అంకె సరిపోల్చి చూసుకోవాలి.

సీటు కవర్లు, కాళ్ల కింది మ్యాట్లు, మడ్ ఫ్లాపుల వంటివి షోరూంలో కొనాలా, బయట కొనాలా అన్నది కూడా ఆలోచించదగ్గదే. రాణిగంజ్ వీధులు ఉన్నదే వాహనాల సామాను కోసం. అక్కడ ఒక గంట తిరిగితే ధరలు తెలిసిపోతాయి. అయితే కరెంటు వైర్లు కోసి కలిపే లైట్లు, హారన్ల వంటివి బయట వేయిస్తే కంపెనీ వారంటీ పోయే ప్రమాదం ఉంది. ఆ తేడా తెలుసుకుని ఖర్చు పెట్టాలి.

‘‘కంపెనీ నిర్ణయించిన తగ్గింపు ఇంతే, ఇంకా ఇస్తే మాకు జరిమానా’’ అని సేల్స్‌మన్లు చెప్పడం ఉంది. డీలర్లు అదనపు తగ్గింపు ఇవ్వకుండా కట్టడి చేసినందుకు కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకి సంస్థకు 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ దానిపై అప్పీలుకు వెళ్లింది. డీలరు తన లాభంలోంచి ఎంత తగ్గించుకుంటాడన్నది అతని ఇష్టమన్నదే ఆ ఉత్తర్వులోని సారాంశం. ఒకే కంపెనీకి జంటనగరాల్లో పలువురు డీలర్లు ఉంటారు. కనీసం ముగ్గురి దగ్గర పూర్తి ధర కాగితం మీద రాయించుకుంటే నాలుగోచోట బేరం తేలికవుతుంది. ఉద్యోగుల గుర్తింపు కార్డు మీద ఇచ్చే తగ్గింపు వేరుగా ఉంటుంది. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉన్న ఊరిది. రైల్వే ఉద్యోగులు ఈ తగ్గింపు అడిగి తీసుకోవాలి. పూర్వం కేంద్ర ఉద్యోగులకు ఉన్న కారు అడ్వాన్సు ఏడో వేతన సంఘం సిఫారసుతో 2016లో రద్దయింది. ఇప్పుడు మిగిలింది ఈ తగ్గింపే.

ముప్పావలా వడ్డీ అనుకుంటే రూపాయి ముప్పై!

కారు ధరలో పదివేలు తగ్గించుకున్నవారు కూడా అప్పు దగ్గర లక్ష పోగొట్టుకుంటున్నారు. ‘‘నెలకు వాయిదా ఎంత’’ అని అడగటంలోనే పొరపాటు ఉంది. అడగాల్సింది ‘‘మొత్తం ఎంత కడతాను’’ అని.

6 లక్షల అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకుందాం. అయిదేళ్లకైతే నెలకు 12,455 రూపాయల వాయిదా. మొత్తం వడ్డీ సుమారు 1,47,000. ఏడేళ్లకైతే వాయిదా 9,653కు తగ్గుతుంది, వడ్డీ మాత్రం 2,11,000 అవుతుంది. నెలకు 2,800 తేలికైందని సంతోషిస్తే చివరకు 64 వేలు ఎక్కువ కడతాం.

ఇంకో మాయ ‘ఫ్లాట్ రేటు’. బ్యాంకులు మామూలుగా తగ్గుతున్న బాకీ మీద వడ్డీ వేస్తాయి. ఫ్లాట్ రేటులో బాకీ తీరుతున్నా మొదటి అసలు మీదే వడ్డీ నడుస్తుంది. అదే 6 లక్షలు, అదే 9 శాతం, అదే అయిదేళ్లు. ఫ్లాట్ రేటులో వడ్డీ 2,70,000. పల్లె లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ అని నమ్మి సంతకం చేసినవాడు నిజానికి రూపాయి ముప్పై పైసలు కడుతున్నాడు. కాగితం మీద ‘ఫ్లాట్’ అన్న మాట ఉందేమో వెతకాలి. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నచోట రొక్కం కట్టేవారికి ఇచ్చే తగ్గింపు పోతుంది. ఆ తగ్గింపే వడ్డీ అని గ్రహించాలి.

అప్పు తీరాక కూడా పని ఉంటుంది. బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని రవాణా కార్యాలయంలో తాకట్టు నమోదు కొట్టేయించాలి. అది చేయనివారికి కారు అమ్మేటప్పుడు తల ప్రాణం తోకకు వస్తుంది.

ముహూర్తం చూస్తే ధర పెరుగుతుంది

దసరాకు, ధనత్రయోదశికి, ఉగాదికి షోరూముల ముందు బారులు తీరుతారు. గిరాకీ ఉన్నప్పుడు ఎవరూ ధర తగ్గించరు. ఆషాఢంలో, పితృపక్షాల్లో, శూన్యమాసంలో మనవారు కొత్త వస్తువు కొనరు. షోరూముల్లో ఈగలు తోలుకునే ఆ రోజుల్లోనే బేరానికి వీలు. పట్టింపు ఉన్నవారు ధర అప్పుడు మాట్లాడి రాయించుకుని, కారును మంచిరోజున తెచ్చుకోవచ్చు. నెలాఖరున, మార్చి నెలాఖరున అమ్మకాల లక్ష్యం పూర్తిచేయాలని డీలర్లు ఆతురతలో ఉంటారు. ఆ సమయం కూడా కొనేవాడిదే.

డిసెంబరులో ఇచ్చే భారీ తగ్గింపుల విషయంలో మాత్రం ఒక లెక్క ఉంది. జనవరి రాగానే ఆ కారు ‘నిరుటి కారు’ అవుతుంది. మూడు నాలుగేళ్లలో అమ్మేయాలనుకునేవారికి ఆ ఏడాది తేడా ధరలో కనబడుతుంది. పదేళ్లు ఉంచుకునేవారికి మాత్రం డిసెంబరు తగ్గింపు లాభమే. ఎప్పుడు కొన్నా ఫారం 21 అమ్మకపు పత్రంలో తయారీ నెల, సంవత్సరం చూడాలి. ఎండకు ఎండి, వానకు తడిసి నెలల తరబడి యార్డులో నిలిచిన కారును కొత్త ధరకు కొనరాదు. పైకం పూర్తిగా కట్టకముందే, నమోదుకు ముందే కారును పగటి వెలుతురులో చూసుకోవాలి.

దూరపు కార్లు నునుపు

కొత్తది భారమనుకున్నవారు పాత కారు వైపు చూస్తారు. మంచి ఆలోచనే. జీవితకాల పన్ను మొదటి యజమానే కట్టి ఉంటాడు కనుక ఆ భారం ఉండదు. ఇది ఇక్కడే నమోదైన బండ్ల సంగతి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద కోర్టుల ఆంక్షలు వచ్చాయి. సుప్రీంకోర్టు 2018లో వాటిని ఖాయం చేసింది. గడువు దగ్గరపడిన కార్లు అక్కడి నుంచి కారుచవకగా ఇటు వచ్చాయి. కొన్న తర్వాత అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవడం, ఇక్కడ వయసును బట్టి జీవితకాల పన్ను మళ్లీ కట్టడం తప్పవు. దూరపు కొండలు నునుపు. పన్ను, తిరుగుడు ఖర్చు కలుపుకుంటే ఇక్కడి కారే చవక అనిపించిన సందర్భాలు ఎన్నో.

పాత కారు మీద చలాన్లు ఎన్ని ఉన్నాయో, తాకట్టు ఉందో లేదో, బీమా ఉందో లేదో రవాణా శాఖ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని అక్కడితో ఆగిపోకుండా పేరు మార్పు పూర్తయ్యేదాకా వెంటపడాలి. అమ్మినవారికీ ఇది అవసరమే. పేరు మారనంత కాలం ఆ కారు చేసే ప్రమాదం వారి మెడకే చుట్టుకుంటుంది.

మోసపోతే ఎక్కడ చెప్పుకోవాలి

చెప్పని పద్దుకు పైకం కట్టించుకున్నా, పాత స్టాకును కొత్తదని అంటగట్టినా ముందు డీలరుకు, కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కారు సికింద్రాబాద్‌లో కొన్నా, 2019 చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. సిద్దిపేట రైతు ఇక్కడి కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు. ఏం చేయాలన్నా చేతిలో కాగితం ఉండాలి. నోటిమాట తగ్గింపుకు ఎక్కడా విలువ లేదు.

కిరాణా కొట్టులో అగ్గిపెట్టె మీద కూడా అన్ని పన్నులు కలిపిన ధర అచ్చువేసి ఉంటుంది. లక్షలు పోసి కొనే కారుకు మాత్రం పన్ను ఎంత, బీమా ఎంత, డీలరు సొంత పద్దు ఎంత అన్నది అడిగితే తప్ప చెప్పరు. ప్రతి షోరూం గుమ్మంలో ఆన్ రోడ్ ధరను పద్దుల వారీగా తెలుగులో బోర్డు కట్టించేలా అధికారులు చూడాలని కొనుగోలుదారులు కోరుతున్నారు. ఆ బోర్డు వచ్చేదాకా ఒక తెల్లకాగితం, ఒక పెన్ను వెంట తీసుకెళ్లడమే మార్గం. ఒక్కో పద్దు రాసుకుంటూ ‘‘ఇది ఎవరికి పోతుంది’’ అని అడిగితే సగం చీటీ అక్కడే తేలిపోతుంది.